పదకొండు సాళ్ళ దూరం

ఉప్పల్ చౌరస్తా నుంచి మూసీ వైపు దిగి, ప్లాట్లకు పాతిన తెల్ల రాళ్ళన్నీ దాటుకుని పోతే, ఆ చివర కాలువ పక్కన ఒక అరెకరం అరటి తోట ఉండేది. చుట్టుపక్కల గడ్డి మళ్ళు, ఆకుకూర మళ్ళు ఒక్కొక్కటే మాయమైపోతున్న రోజులవి. ఆ తోట మాత్రం మొండికేసి నిలబడింది. తోట కంటే మొండిది దాని యజమాని ఉప్పలమ్మ.

కాయ కోసం కాదు ఆ తోట, ఆకు కోసం. నాచారంలో, రామంతాపూర్‌లో కోస్తా నుంచి వచ్చి ఇళ్ళు కట్టుకున్న కుటుంబాల్లో వ్రతమన్నా తద్దినమన్నా ఉప్పలమ్మకు ముందే కబురు వెళ్ళేది. బజారులో ఆకు దొరకదా అంటే బ్రహ్మాండంగా దొరుకుతుంది, కట్ట విప్పి చూస్తే సగం చిరుగులు. ఉప్పలమ్మ ఆకును ఈనె విరగకుండా చుట్టి, తడిగుడ్డ కప్పి ఇచ్చేది. ఎక్కడైనా చిన్న చిరుగు కనబడితే ఆమే తీసి అవతల పడేసేది.

"అన్నం దినే ఆకు. చిరిగింది ఇస్తే నా మొఖం మీద ఉమ్మరా?" అనేది. ఆమెకు నలభై అయిదేళ్ళుంటాయి, బక్కపలచని మనిషి. గొంతు మాత్రం కాలువ అవతలి గట్టుకు వినబడేది.

తోటలో మొత్తం పదకొండు సాళ్ళు. తూర్పు చివర ఉప్పలమ్మ ఉండే కొట్టం. పడమటి మూలన, కాలువ గట్టును ఆనుకుని ఒక గుబురు. అయిదేళ్ళుగా ఆ గుబురు మీద కొడవలి పడలేదు. పిలకల మీద పిలకలు లేచి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎండిన ఆకులు ఊడిపోక బోదెల చుట్టూ వేలాడుతున్నాయి. వాటి కింద పాత ఆకులు కుళ్ళి నేల కనబడదు. ముసురు పట్టిన రోజు కొట్టం దగ్గర నుంచి చూస్తే, గొంగడి కప్పుకుని ఎవరో నిలబడ్డట్టే ఉండేది. ఆ గుబురు కిందే ఉప్పలమ్మ మొగుడు కొమురెల్లిని పాతిపెట్టారు.

అది 2003లో, వినాయక చవితి ముందు రోజు జరిగింది. చవితి ముందు రోజంటే ఆకుల వాళ్ళకు ఊపిరి సలపదు. ఉప్పలమ్మ కొట్టం ముందు కూర్చుని కట్టలు కడుతోంది. కొమురెల్లి పడమటి మూలన కాలువ గండి పూడుస్తున్నాడు. అక్కడ నుంచి పిలిచాడు.

"ఓ ఉప్పలీ!"

"వస్తున్న!" అంది ఉప్పలమ్మ, చేతిలో కట్ట వదలకుండానే.

ఇంకోసారి పిలిచాడు. "వస్తున్నంటిగదా!" అని ఈసారి కాస్త విసుక్కుంది. మూడోసారి పిలుపు రాలేదు. ఊరుకున్నాడులే అనుకుని ఇంకో ఎనిమిది కట్టలు కట్టింది. అన్నీ అయ్యాక, ఏం కొంపలు మునిగాయో చూద్దామని వెళ్ళేసరికి కొమురెల్లి గుబురు మొదట్లో పక్కకు ఒరిగి ఉన్నాడు. ఒక చెయ్యి కొట్టం వైపు చాచి ఉంది. దవాఖానాలో గుండె అన్నారు. వాళ్ళలో సొంత చెలకలోనే పూడ్చే ఆనవాయితీ ఉంది కాబట్టి పడ్డ చోటే పూడ్చారు. మట్టి పోసి పోతూ పెద్దవాళ్ళు ఒక మాట చెప్పారు, బొంద మీది చెట్టుకు కత్తి తగలనియ్యొద్దని.

ఆ రోజు నుంచి ఉప్పలమ్మకు ఒకటే నియమం. తెల్లవారగానే, ఎవరితోనూ పలకకముందే, చెంబుతో నీళ్ళు తీసుకుని సాళ్ళ మధ్య కొమురెల్లి నడిచిన కాలిబాట వెంట వెళ్ళేది. ఆ బాట తిన్నగా పోదు, మధ్యలో బావి దగ్గర వంపు తిరుగుతుంది. గుబురు మొదట్లో నీళ్ళు పోసి, కాసేపు నిలబడి, వచ్చిన దారినే తిరిగొచ్చేది. ఊరందరితో గలగలా మాట్లాడే మనిషి అక్కడ నోరు విప్పేది కాదు. ఒక్క మాట చెప్పాల్సి ఉంది, అది గొంతు దాటేది కాదు.

మొదటి ఏడు వానలకు గుబురు ఆకుల మీద సన్నటి పసుపు గీతలు కనబడ్డాయి. గీతలు ముదిరి గోధుమ రంగు మచ్చలయ్యాయి. మచ్చల నడుమ బూడిద రంగు, చుట్టూ పసుపు అంచు. అచ్చం కళ్ళలాగా ఉన్నాయి. చూస్తుండగానే ఆకు నిండా కళ్ళు. తర్వాత ఆ ఆకు అంచు నుంచి మాడిపోయి బోదె మీదికి వాలిపోయింది.

రెండో ఏడు ఆ కళ్ళు పక్క రెండు సాళ్ళకు వచ్చాయి. ఎండాకాలం కొత్త ఆకులు శుభ్రంగానే లేచాయి. మళ్ళీ వానలు పడగానే, పోయినేడు ఆగిన చోటు నుంచి ఇంకో రెండు సాళ్ళు. తోటంతా ఒక్కసారి పడితే తెగులనుకోవచ్చు. ఇది అటూ ఇటూ పోకుండా మూడు చెట్ల వెడల్పున ఒకే పట్టీగా వస్తోంది. నాలుగో ఏడు బావి దగ్గరకు వచ్చింది. అక్కడ వంపు తిరిగింది.

అది చూసిన రోజు ఉప్పలమ్మ చెంబు బావి గట్టు మీద పెట్టి, చెట్టు చెట్టూ పట్టి చూసింది. మచ్చలు బావి చుట్టూ తిరిగి, కాలిబాట ఎలా పోతుందో అలాగే పోయాయి. ఆ కళ్ళన్నీ కొట్టం వైపు తిరిగి ఉన్నాయి. ఇక ఆమెకు అనుమానం లేదు. కొమురెల్లి ఇంటికి వస్తున్నాడు. పిలిస్తే రాలేదు కాబట్టి, తనే నడిచి వస్తున్నాడు.

భయమేసిందా అంటే వేసింది. ముసురు రోజుల్లో పడమటి మూలన ఎండాకులు కదిలితే కొమురెల్లి గొంతు సవరించుకున్నట్టే ఉండేది. ఆమె చేస్తున్న పని ఆపి వినేది. వినడం అలవాటై, వినబడని రోజు కాస్త వెలితిగా కూడా అనిపించేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇంకోపక్క ఆకు పోతోంది. మచ్చ ఉన్న ఆకు తద్దినానికి పనికిరాదు, వ్రతానికి పనికిరాదు. మరిది దామోదర్ వచ్చి కూర్చున్నప్పుడల్లా అదే పాట.

"ఈ తోటల ఇంక ఏమున్నది వదినా? అందరు ప్లాట్లు జేసిన్రు. మనం గూడ ఇచ్చేద్దాం."

"మరి మీ అన్న?"

"అన్న ఏడున్నడు వదినా" అని నేల చూపులు చూసేవాడు దామోదర్. చెడ్డవాడేం కాదు. అయితే తోట పోతే బుల్‌డోజరు వస్తుందనీ, దానికి బొందా తెలియదు గట్టూ తెలియదనీ ఇద్దరికీ తెలుసు. ఆకు నడిస్తేనే తోట నిలుస్తుంది, తోట నిలిస్తేనే కొమురెల్లి నిలుస్తాడు. ఆ ఆకును తినేస్తున్నది మాత్రం కొమురెల్లి గుబురే.

2008 శ్రావణంలో ఒక ముసురు పొద్దున పట్టాభిరామయ్య వచ్చాడు. నాచారంలో ఉంటాడు. మొక్కల తెగుళ్ళ మీద పరిశోధన చేసి రిటైరైన పెద్దమనిషి. భార్య సత్యవేణి పోయి రెండేళ్ళయింది. ఆమె తద్దినానికి ఆకులు చెప్పడానికి వచ్చి, గట్టు వైపు నుంచి దిగి, తోటంతా నడిచి కొట్టం చేరాడు.

"ఎవరమ్మా ఆ మూలన నిలబడ్డాయన? దారి అడుగుదామని రెండుసార్లు పిలిచాను. పలకడే!"

ఉప్పలమ్మ చేతిలో కొడవలి కింద పెట్టింది. "గొంగడి కప్పుకున్నడా?"

"అవును."

"ఇటు దిక్కే సూస్తుండెనా?"

"ఆఁ, ఇటే చూస్తున్నట్టుంది. ఎందుకూ?"

"మా ఇంటాయన సారు. సచ్చిపోయి అయిదేండ్లాయె" అంది ఉప్పలమ్మ, వర్షం పడుతోందన్నంత మామూలుగా.

పెద్దాయన గొడుగు మూయడం మర్చిపోయి కొట్టంలోకి వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాక చదువు గుర్తొచ్చి, మళ్ళీ లేచి ఆ మూలకు వెళ్ళాడు. ఉప్పలమ్మ వెనకే వెళ్ళింది. దగ్గరికి పోతే గొంగడి లేదు, మనిషి లేడు, వేలాడే ఎండాకులున్నాయి. ఆయన ఒక ఆకు తిప్పి అడుగు భాగం చూశాడు, కింద కుళ్ళిన ఆకును కర్రతో కదిపాడు, సాలు సాలూ చూసుకుంటూ తిరిగి నడిచాడు.

"ఇది సిగటోకా ఆకుమచ్చ తెగులమ్మా. బూజు జాతి. ఎండిపోయిన ఆకుల్లో దాక్కుంటుంది. తడి తగలగానే లేస్తుంది, గాలికీ నీటి చుక్కలకీ పక్క ఆకు చేరుతుంది. ఇవాళ ఆకు మీద పడితే మచ్చ కనబడడానికి ఇంచుమించు నెల పడుతుంది. ఎండాకాలం పడుకుంటుంది, వానలకి మళ్ళీ నాలుగడుగులు వేస్తుంది."

"మందు లేదా?"

"ఉంది. కానీ నీది అన్నం తినే ఆకు. మందు కొట్టిన ఆకులో అన్నం పెడతావా? నీకు కొడవలే మందు. మచ్చ పడ్డ ఆకు పడ్డట్టు కోసి, తోట బయటికి తీసికెళ్ళి కాల్చెయ్యి. పిలకలు ఒకటి రెండుంచి తక్కినవి తీసెయ్యి, గాలాడాలి. నీళ్ళు నిలవకూడదు. ఇవన్నీ చేసినా ఆ గుబురు అలాగే ఉంటే మాత్రం లాభం లేదు. మొదలు అక్కడుంది."

"గదానికి కత్తి వెట్ట సారు" అంది ఉప్పలమ్మ. "మీకు తెల్వది. గాలికొచ్చేదైతే తోటంతా రావాలె గదా? కాలిబాట పట్టుకొని ఎందుకొస్తది? బాయి కాడ ఎందుకు మళ్ళుతది?"

పట్టాభిరామయ్య బావి దగ్గర ఆగాడు. వంపును చూశాడు. తర్వాత ఉప్పలమ్మను కాళ్ళ నుంచి పైదాకా చూశాడు. చీర నడుము వరకూ తడిసి ఉంది. కొంగుకు, మోచేతులకు ఎండాకుల ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"పొద్దున్నే ఎటు వెళ్ళావమ్మా?"

"ఆయన కాడికి. దినాం పోత. నీళ్ళు పోసొస్త."

"తడి ఆరకముందే?"

"మనుషులతోని మాట్లాడకముందే పోవాలె."

"ఈ బాటలోనే కదూ? ఆ తడి ఆకుల్లో దూరి, మళ్ళీ ఈ ఆకులన్నీ రాసుకుంటూ వస్తున్నావు. అది నీ చీరకీ చేతులకీ అంటుకుని వస్తోంది. ఇది తెగులు దారి కాదు, నీ దారి. నువ్వే తెస్తున్నావమ్మా."

ఉప్పలమ్మ తన తడి చేతులు తిప్పి చూసుకుంది. "నేనే తెస్తున్ననా?" అంది మెల్లగా. "దినాం నాతోనే వస్తుండా?"

ఆ అడగడంలో ఉన్న సంతోషానికి పెద్దాయన ముఖం పాలిపోయింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. వెళ్ళేముందు గట్టు మీద నిలబడి, అడగకుండానే ఒక సంగతి చెప్పాడు.

"మా సత్యవేణి గది కిటికీ రెండేళ్ళుగా తెరవలేదమ్మా. గోడలకి బూజు పట్టింది. నేను బతుకంతా చదివింది బూజునే. ఏం చెయ్యాలో నాకు తెలియదంటావా?"

మర్నాటి నుంచి ఉప్పలమ్మ చేసిన పని వింటే దామోదర్ ఆమెను దవాఖానాకు తీసుకుపోయేవాడు. తెల్లవారగానే వెళ్ళి గుబురులోకి చేతులు పెట్టి ఎండాకులు నిమిరేది. ఆ తడి చేతులతో తిరిగొస్తూ, మచ్చలు ఇంకా రాని తొమ్మిదో సాలులో, పదో సాలులో, కొట్టం పక్కన పదకొండో సాలులో ఆకు ఆకుకూ చెయ్యి తుడిచేది. "రా. ఇగ జరంతే" అనేది. తోటను తన చేత్తోనే చంపుకుంటోందని తెలుసు. తెలిసే చేసింది. అయిదేళ్ళు దారిలో నిలబెట్టిన మనిషిని ఇంకో మూడు సాళ్ళు దాటించడమే ఆమెకు కావాలి.

చవితికి ఆకు లేదని వచ్చినవాళ్ళందరినీ తిప్పి పంపింది. నెల గడిచింది. పెత్తరమాస నాడు, అదే పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, పొద్దున కొట్టం తలుపు తీస్తే ఎదురుగా ఉన్న అరటి చెట్టు ఆకు గాలికి లోపలికి వంగింది. ఆకు నిండా కళ్ళు. అన్నీ తననే చూస్తున్నాయి.

"వచ్చినవా" అంది ఉప్పలమ్మ. కళ్ళ వెంట నీళ్ళు వాటంతట అవే కారాయి. గబగబా స్నానం చేసి పొయ్యి ముట్టించింది. కొమురెల్లికి ఇష్టమని గోంగూర వేసి మాంసం వండింది. అన్నం వార్చింది. వడ్డించడానికి ఆకు కోసుకొద్దామని కొడవలి తీసుకుని బయటికి వచ్చింది.

పదకొండో సాలులో ఆకు లేదు. పదో సాలులో లేదు. వానలకు ఈసారి తెగులు బాట దాటి తోటంతా అల్లుకుంది. ఆకు కోసం ఆమె బావి చుట్టూ తిరిగింది, కాలువ దాకా వెళ్ళింది. ఎక్కడ చూసినా మచ్చలే. చిన్న చిరుగుకే ఆకును అవతల పారేసే ఉప్పలమ్మ, ఊరందరి పెద్దలకు ఆకులిచ్చిన ఉప్పలమ్మ, ఇన్నేళ్ళకు ఇంటికొచ్చిన మొగుడికి అన్నం పెట్టడానికి తన తోటలో ఒక్క మంచి ఆకు లేక నడి సాలులో నిలబడిపోయింది.

బజారాకు కొనొచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గేసింది. పళ్ళెంలో పెట్టొచ్చు. పెద్దలకు పళ్ళెంలో ఎవరు పెడతారు? పొద్దెక్కేదాకా అక్కడే కూర్చుంది. కుండలో అన్నం చల్లారింది. ఎండ వచ్చి ఆకుల మీద తడి పూర్తిగా ఆరింది. అప్పుడు లేచి, కొడవలి నూరుకుని, పడమటి మూలకు నడిచింది.

మొదటి వేటుకు ఎండాకుల దొంతర ఊడి పడుతూ, గొంతు సవరించుకున్న చప్పుడే చేసింది. చెయ్యి ఆగింది. "నన్ను తిట్టకు" అని మళ్ళీ వేసింది. కోసిన కొద్దీ లోపలి చీకటి బయటపడుతోంది, కుళ్ళిన తడి వాసన ముక్కుకు కొడుతోంది. ఇంకో పొర తీస్తే కనబడతాడేమోనని భయం. కనబడాలని ఆశ. చివరి బోదె పక్కకు ఒరిగింది.

లోపల ఎవరూ లేరు.

తెల్లగా పాలిపోయిన చిన్న పిలక ఒకటి, వెలుతురు వెతుక్కుంటూ కొట్టం వైపు వంగి ఉంది. అంతే. ఉప్పలమ్మ అక్కడ కూలబడి, కొమురెల్లి పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఏడుపు చాలించి, ఆ ఒక్క పిలకను ఉంచి తక్కిందంతా మోపులు కట్టి, కాలువ దాటించి, రాళ్ళ నేల మీద కాల్చింది. కొట్టం ముందున్న చెట్టు ఆకులు కూడా కోసి ఆ మంటలోనే వేసింది. ఆ ఏడు కొమురెల్లికి అన్నం పెట్టలేదు.

ఆ తర్వాత ఏడాదంతా పోరాటమే. ఎండ వచ్చి తడి ఆరాకే తోటలో అడుగు. వారానికోసారి ప్రతి చెట్టూ చూడడం, కొస మాడితే కొస, ఆకు మాడితే ఆకు కోసేయడం. దామోదర్ సణుగుతూనే మోపులు మోశాడు, సణుగుతూనే కాలువలు తవ్వాడు. 2009 వానలకు ఉప్పలమ్మ రోజూ ఆకులు తిప్పి చూసింది. పసుపు గీత ఎక్కడైనా కనబడితే ఆ రోజే కోసేసింది. మళ్ళీ రాలేదు.

శ్రావణంలో పట్టాభిరామయ్య ఆకులకు వచ్చాడు. కట్ట విప్పి చూసి తల ఊపాడు.

"కిటికి తెరిసిన్రా సారు?"

"తెరిచానమ్మా. గోడలన్నీ కడిగించాను" అని ఆయన కట్టను మళ్ళీ చుట్టాడు. తడిగుడ్డ సర్దుతూ అన్నాడు, "సత్యవేణి పౌడరు వాసన ఉండేది ఆ గదిలో. అది కూడా పోయింది."

ఉప్పలమ్మ కొడవలి అందుకుంది. ఇంకో రెండు ఆకులు కోసి కట్టలో పెట్టింది.

పెత్తరమాస వచ్చింది. వంట చేసి ఉప్పలమ్మ తలుపు దగ్గర కూర్చుంది. ఎదుటి చెట్టు ఆకులు పచ్చగా, నున్నగా, ఒక్క కన్ను లేకుండా ఊగుతున్నాయి. పడమటి మూల నుంచి ఏ చప్పుడూ లేదు. తోట బతికింది, బొంద నిలిచింది, కొమురెల్లి మాత్రం ఇక రాడు. దారంతా తనే కోసేసింది. ఆ ఖాళీ తోటను చూస్తుంటే, మచ్చల తోటను చూసినప్పుడు కూడా వేయనంత భయం వేసింది.

చాలాసేపటికి లేచి, అన్నం గిన్నె, కూర గిన్నె గంపలో పెట్టుకుని నడిచింది. బావి దగ్గర వంపు తిరిగింది. ఆనాడు ఉంచిన పిలక ఇప్పుడు మనిషెత్తు చెట్టయింది. దాని ఆకు ఒకటి కోసి వెలుగుకు పట్టి చూసింది. చిరుగు లేదు, మచ్చ లేదు. బొంద మీద పరిచి, నీళ్ళు చల్లి, వడ్డించింది.

వడ్డించి అక్కడే కూర్చుని, తల ఎత్తి కొట్టం వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఎండాకుల తడికె అడ్డం. ఇప్పుడు సాళ్ళ మధ్య నుంచి అంతా కనబడుతోంది. కొట్టం ముందు తను కట్టలు కట్టే రాయి కనబడుతోంది, రాయి పక్కన పెట్టిన తడిగుడ్డ కూడా కనబడుతోంది. కొమురెల్లి ఇక్కడ పడి, చెయ్యి చాచి, ఆమె వంచిన తల ఎత్తకుండా ఎనిమిది కట్టలు కట్టడం మొత్తం చూశాడు.

ఉప్పలమ్మ ఆ రాయి వైపు చూస్తూనే చెయ్యి బొంద మట్టి మీద ఆనించింది.

"వచ్చిన" అంది.